తక్కువ వడ్డీ అప్పు, ఎక్కువ వడ్డీ డిపాజిట్టు: లాభమెంత, ముప్పెంత?



ఏలూరు చుట్టుపట్ల గ్రామములలోను, తాడేపల్లిగూడెము ప్రాంతమునను, కొల్లేటి లంకలలోను నేను తిరుగుచుండగా నన్ను తఱచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. “అయ్యా, పంట అప్పు గడువులో తీర్చినవానికి నూటికి నాలుగు రూపాయల వడ్డీయే పడుచున్నది. ఆ సొమ్మునే తెచ్చి బ్యాంకులో ఒక యేడాదికి డిపాజిట్టు వేసినచో ఆఱున్నర వచ్చును. నడుమ రెండున్నర మిగులును గదా! దున్నకయే, నీరు పెట్టకయే వచ్చు ఈ పంటను మేమెందులకు వదలుకొనవలెను?”

ఇట్లు అడుగువారు మోసగాండ్రు కారు, లెక్క తెలిసినవారు. కావున వీరికి నీతిబోధతో గాక లెక్కతోనే జవాబు చెప్పుట న్యాయము. లెక్క పూర్తిగా వేసినచో నీతి దానంతటదియే కనబడును. పలకయు బలపమును దగ్గఱ నుంచుకొని ఈ పాఠమును చదువుడు.

1. ఓవర్‌డ్రాఫ్టు అననేమి?

మనము దాచుకొన్న సొమ్మును మనము తీసికొనునది పొదుపు ఖాతా. మన సొమ్ము అయిపోయిన తరువాత గూడ, ముందుగా ఒప్పుకొన్న హద్దు వఱకు బ్యాంకువారి సొమ్మును తీసికొననిచ్చునది ఓవర్‌డ్రాఫ్టు ఖాతా. దీనిలో వడ్డీ హద్దుపై పడదు. తీసిన సొమ్ముపై, అది మనచేత నున్న దినములకు మాత్రమే పడును. కొంత జమకట్టిననాడు ఆ మేరకు వడ్డీ ఆగిపోవును. మరల అవసరమైనచో మరల తీసికొనవచ్చును.

రైతులకు ఇట్టి ఖాతాయే కిసాన్ క్రెడిట్ కార్డు. ఈ పథకము 1998లో ఆరంభమైనది. చాలమంది దీనిని ఒక్కసారి తీసి ఒక్కసారి కట్టు పాతకాలపు అప్పువలె చూచుచున్నారు. నిజమునకది ఇచ్చిపుచ్చుకొను ఖాతా. అప్పంతయు తీఱి మన సొమ్మే అందులో నిలువయున్నచో, ఆ నిలువపై పొదుపు ఖాతాకు వలెనే వడ్డీ యీయవలెనని నిబంధన కలదు. ఈ మాట గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ఇక నాలుగు వడ్డీ సంగతి. 2006-07 నుండి 3 లక్షల రూపాయల వఱకు గల స్వల్పకాలిక పంట ఋణములపై రైతుకు నూటికి 7 చొప్పున వడ్డీ పడునట్లు కేంద్ర ప్రభుత్వమువారు బ్యాంకులకు సహాయమిచ్చుచున్నారు. గడువులో తీర్చినవారికి తగ్గింపు 2009-10లో నూటికి 1తో మొదలై, 2010-11లో 2గాను, 2011-12 నుండి 3గాను పెరిగినది. ఏడింట మూడు పోగా నాలుగు. కావున నాలుగు అనునది అప్పు ధర కాదు. అప్పు ధర ఏడే. నాలుగు అనునది గడువు తప్పనివానికి దొరకు బహుమానము. మన రాష్ట్రమున కొన్ని సంవత్సరములలో లక్ష రూపాయల లోపు పంట ఋణమును గడువులో తీర్చినవారికి మిగిలిన వడ్డీని రాష్ట్ర ప్రభుత్వమే భరించినది. ఏ యేటి ఉత్తర్వు ఆ యేటిదే గనుక అప్పు తీయునప్పుడే సంఘ కార్యదర్శి నడిగి తెలిసికొనవలెను.

2. పలకమీది లాభము

రామయ్య అను రైతు జూలై 1న లక్ష రూపాయల పంట అప్పు తీసి, అంతయు ఒక యేడాదికి నూటికి ఆఱున్నర చొప్పున డిపాజిట్టు వేసెననుకొందము.

డిపాజిట్టుపై వచ్చు వడ్డీ: రూ. 6,500
అప్పుపై వడ్డీ, నూటికి 7 చొప్పున: రూ. 7,000
గడువు తగ్గింపు, నూటికి 3: రూ. 3,000
నిజముగా పడు వడ్డీ: రూ. 4,000
మిగులు: రూ. 2,500

లెక్క తప్పులేదు. ఐతే ఈ లెక్కలో మూడు ఊహలు దాగియున్నవి: గడువు సరిగా ఒక యేడాది యనియు, డిపాజిట్టు ఆనాటికి తప్పక చేతికి వచ్చుననియు, మధ్యలో మఱి యే ఖర్చును లేదనియు. వీనిని ఒక్కొక్కటిగా పరీక్షింతము.

3. పలకమీద కనబడనివి

మొదటిది గడువు. పంట అప్పు గడువు సాధారణముగా ఆ పంట కోతను, అమ్మకమును బట్టి యుండును. సార్వా అప్పునకు మార్చి 31 గడువని వ్రాసిరనుకొందము. అప్పుడు రామయ్య తన యేడాది డిపాజిట్టును తొమ్మిదవ నెలలోనే విరువవలెను. విరిచినచో ఆఱున్నర రాదు. తొమ్మిది నెలలకు ఏ రేటు చెల్లునో దానిలో జరిమానా కోయుదురు. ఆ రేటు 6, కోత 1 అనుకొన్నచో మిగిలినది 5. లక్షపై తొమ్మిది నెలలకు రూ. 3,750. అప్పు వడ్డీ నాలుగు చొప్పున రూ. 3,000. మిగులు రూ. 750. ముందే తెలిసి తొమ్మిది నెలలకే 6 చొప్పున వేసినను మిగులు రూ. 1,500 మాత్రమే. రెండువేల ఐదువందలు ఇక్కడనే కరగినవి.

రెండవది రాకపోకలు. పత్రములకు, సంతకములకు, డిపాజిట్టు వేయుటకు, తీయుటకు ఎన్నిసార్లు పట్టణమునకు పోవలెనో, ఎన్ని కూలిదినములు పోవునో లెక్కలో వేయుడు. సంఘములో అప్పునకు తగిన వాటాధనము మినహాయింపబడును గనుక, లక్ష వ్రాసికొన్నను లక్షయు చేతికి రాకపోవచ్చును. కొన్నిచోట్ల వడ్డీని ముందు ఏడు చొప్పున కట్టించుకొని, మూడు తరువాత జమకట్టుదురు. ఆ సొమ్ము వచ్చువఱకు అదియు మన పెట్టుబడియే.

మూడవది ఆదాయపు పన్ను. వ్యవసాయపు రాబడిపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు గాని, డిపాజిట్టు వడ్డీ వ్యవసాయపు రాబడి కాదు. అది పన్ను లెక్కలో చేరును. 2025 ఏప్రిల్ 1 నుండి ఒక బ్యాంకులో ఏడాదికి 50,000 రూపాయలు మించిన వడ్డీపై (వృద్ధులకు లక్ష మించినప్పుడు) బ్యాంకువారే ముందుగా పన్ను కోయుదురు. చిన్న రైతునకు ఈ బాధ రాకపోవచ్చును. పెద్ద మొత్తములతో ఈ ఆట నాడదలచినవానికి వచ్చును.

నాలుగవది రేట్ల మార్పు. ఈ యుక్తి మన ఊరి కల్పన కాదు. ఇంగ్లండు దేశమున విద్యార్థులకు బ్యాంకులు వడ్డీలేని ఓవర్‌డ్రాఫ్టు ఇచ్చుట కలదు. దానిని తీసి పొదుపు ఖాతాలో వేసికొనువారును కలరు. 2000 తరువాతి యేండ్లలో అక్కడ కొంతకాలము వడ్డీ లేకుండ అప్పిచ్చు క్రెడిట్ కార్డులు బయలుదేఱగా, అనేకులు ఆ సొమ్మును పొదుపులో వేసి వడ్డీ తినిరి. దానికి ‘స్టూజింగ్’ అని పేరుకూడ పెట్టిరి. 2009 మార్చిలో ఆ దేశపు కేంద్ర బ్యాంకు తన వడ్డీ రేటును నూటికి అరకు దించినది. పొదుపు వడ్డీలు పడిపోయినవి. ఆ లాభమును ఎండిపోయినది. అప్పు వడ్డీయు, డిపాజిట్టు వడ్డీయు మన చేతిలో లేవు. ఆ రెంటి నడుమ సందు ఇతరులు తెఱచినది, వారే మూయగలరు.

ఐదవది నిబంధన. పంట అప్పు పంటకే. సాగు లేకుండ సాగు పేర అప్పు తీసి డిపాజిట్టు వేయుట ఒప్పందమును మీఱుట. బంగారము తాకట్టుపై వ్యవసాయపు అప్పులు తీసి సాగు లేనివారును ఈ వడ్డీ తగ్గింపు పొందుచున్నారని ఫిర్యాదులు వచ్చిన పిమ్మట, 2020 ఏప్రిల్ 1 నుండి ఆ తగ్గింపు కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా ఇచ్చు అప్పులకే పరిమితమైనది. కొందఱు సందు వెదకిన పాపమునకు, నిజముగా బంగారము కుదువబెట్టి చేను దున్నిన రైతు గూడ కొత్త పత్రములకై తిరుగవలసి వచ్చినది.

4. నేను చేసిన తప్పు

ఇది పరుల కథ కాదు. కొన్ని యేండ్ల క్రిందట నేనే ఈ పని చేసితిని. ఏలూరు కాలువ క్రింద మాకు కొంచెము మాగాణి కలదు. పట్టా మా నాన్నగారి పేరనున్నది. ఆయన పేర లక్ష రూపాయల పంట అప్పు తీయించి, మఱునాడు వేఱొక బ్యాంకులో ఏడాదికి డిపాజిట్టు వేయించితిని. మిషను పాఠశాలలో లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడను గనుక, రెండువేల ఐదువందలు మిగులునని నాన్నగారికి కాగితముపై చూపితిని.

అప్పు ముందునాడు, డిపాజిట్టు మఱునాడు. అందులోనే ఉన్నది తప్పు. అప్పు గడువు తీఱిన మఱునాటికి గాని డిపాజిట్టు పండదు. ఒకనాటి తేడాయే గదా, చేబదులు తెచ్చి కట్టుదమనుకొంటిని. గడువునాడు నేను శిక్షణ తరగతులకై పొరుగు జిల్లాలో నుంటిని. తరువాత రెండవ శనివారము, ఆదివారము, సోమవారము పండుగ. మంగళవారము కట్టబోవగా గడువు దాటినదనియు, తగ్గింపు రాదనియు గుమాస్తాగారు మర్యాదగనే చెప్పిరి. ఆయన తప్పేమియు లేదు.

వచ్చిన వడ్డీ 6,500. కట్టినది 7,000, దానిపై గడువు దాటిన నాలుగు దినములకు హెచ్చు వడ్డీ. లాభము రెండువేల ఐదువందలు రాలేదు సరికదా, చేతినుండి ఐదువందలు పైగా పోయినవి. నాన్నగారు కాగితమును మరల చూచి, “లెక్క బాగానే ఉందిరా అబ్బాయీ, తేదీయే వెయ్యలేదు” అనిరి. రైతులకు పాఠములు చెప్పు ఉద్యోగములోనున్న నాకు ఆ మాట నేటికిని గుచ్చుకొనుచున్నది.

ఆ వ్యవహారమున ఇంతకంటె పెద్ద తప్పు మఱొకటి కలదు. దానిని ఏడవ భాగమున చెప్పెదను.

5. ముప్పులేని మార్గము

ఇపుడు ఓవర్‌డ్రాఫ్టు స్వభావమును మరల తలచుకొనుడు. వడ్డీ తీసిన దినములకే పడును. కావున లాభము డిపాజిట్టులో వెదకుట కంటె, అప్పు దినములను తగ్గించుటలో వెదకుట మేలు. ఒక సార్వా లెక్క చూతము.

జూలై 1: నారుమడి, దమ్ము: రూ. 15,000 తీసెను. జనవరి 1 వఱకు 6 నెలలు.
ఆగస్టు 1: ఊడ్పులు: రూ. 25,000. 5 నెలలు.
సెప్టెంబరు 1: ఎరువులు, కలుపు: రూ. 20,000. 4 నెలలు.
డిసెంబరు 1: కోత, నూర్పు: రూ. 20,000. 1 నెల.

మొత్తము తీసినది రూ. 80,000. ధాన్యపు సొమ్ము రాగానే జనవరి 1న అంతయు జమకట్టెను. గడువునకు ఇంకను మూడు నెలలున్నది. నాలుగు చొప్పున వేసినచో పడు వడ్డీ రూ. 1,050.

ఇదే రైతు ఎనుబదివేలును జూలై 1నే ఒక్కసారి తీసి, మార్చి 31న కట్టినచో తొమ్మిది నెలలకు వడ్డీ రూ. 2,400. తేడా రూ. 1,350. వాడని సొమ్ము పొదుపు ఖాతాలో నుండి వడ్డీ తెచ్చును గదా యందురేమో. పొదుపు వడ్డీ రెండున్నర చొప్పున లెక్కవేసినచో అది రూ. 844 మాత్రమే తెచ్చును. అనగా రూ. 506 నష్టము. నాలుగుకు కొని రెండున్నరకు అమ్ము వర్తకమిది.

కావున రెండు పనులు చేయుడు. అవసరమైననాడే, అవసరమైనంతయే తీయుడు. ధాన్యపు సొమ్ము బ్యాంకులో పడిననాడే కిసాన్ కార్డు ఖాతాకు మార్చుడు. దాళ్వాకు మరల తీసికొనవచ్చును గనుక భయము లేదు. ఇట్లు మిగులు సొమ్మునకు పన్ను లేదు, జరిమానా లేదు, ఎవరి ముందును తలవంచుకొన బనిలేదు. గడువునకు మూడు నెలల ముందే తీర్చినవానికి సెలవుదినముల దిగులును లేదు.

పూర్వము పొదుపు ఖాతాలో నెల 10వ తేదీ మొదలు నెలాఖరు వఱకు గల కనిష్ఠ నిలువపైనే వడ్డీ కట్టెడివారు. 2010 ఏప్రిల్ 1 నుండి ఏనాటి నిలువకు ఆనాటి వడ్డీ లెక్కించుచున్నారు. అప్పునకైనను, పొదుపునకైనను నేడు దినమే కొలత. రైతు గూడ దినములనే లెక్కపెట్టుట నేర్చుకొనవలెను.

6. సొంత సొమ్ము గలవాడేమి చేయవలెను?

అప్పు సొమ్మును డిపాజిట్టు వేయుట వేఱు; సొంత డిపాజిట్టును విరువక, సాగునకు పంట అప్పు వాడుకొనుట వేఱు. ఈ రెండవది న్యాయమైనది, లాభకరమైనది.

సుబ్బయ్య కష్టపడి దాచిన ఎనుబదివేలు ఆఱున్నర చొప్పున డిపాజిట్టులో నున్నవి. సార్వా వచ్చినది. దానిని విరిచి సాగు చేయవలెనా? పైన చెప్పిన రీతిగా కార్డు నుండి విడతలుగా తీసి సాగుచేసినచో వడ్డీ రూ. 1,050. ఆ ఆఱు నెలలలో డిపాజిట్టు తెచ్చునది రూ. 2,600. విరిచియున్నచో, వాడని సొమ్ము పొదుపు ఖాతాలో తెచ్చెడిది రూ. 344. అన్నియు తీసివేయగా సుబ్బయ్యకు ఇంచుమించు రూ. 1,200 మేలు. ఆకుమడి నుండి కుప్పనూర్పిళ్ల వఱకు అప్పు సొమ్మంతయు చేనిలోనే పడినది గనుక నిబంధనయు చెడలేదు.

అంతకంటె ముఖ్యమైనది మఱొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ఆ నీరు కొల్లేటికి దిగి లంక గ్రామములను చుట్టుముట్టిన సంగతి మీరెఱుగుదురు. అట్టి నాడు విరువని డిపాజిట్టే ఇంటికి గింజ. దాని నుండి కొంచెము అప్పు కావలసినచో, డిపాజిట్టుపై ఓవర్‌డ్రాఫ్టు గూడ ఇత్తురు. డిపాజిట్టు వడ్డీకంటె నూటికి ఒకటి రెండు ఎక్కువ తీసికొందురు. కొద్ది దినముల అవసరమునకు అది చాలును.

ఐతే, బయట రెండు రూపాయల వడ్డీకి అప్పున్నవాడు ముందుగా దానిని తీర్చవలెను. నెలకు నూటికి రెండనగా ఏడాదికి ఇరువదినాలుగు. ఏబదివేల బాకీకి ఏడాదికి 12,000 కట్టుచు, ఏబదివేల డిపాజిట్టుపై 3,250 పుచ్చుకొని సంతోషించువాడు ఏటికి 8,750 పోగొట్టుకొనుచున్నాడు. అప్పు తీర్చుటకు మించిన డిపాజిట్టు లేదు.

7. ఒకే చేను, రెండు అప్పులు

ఇపుడు నా రెండవ తప్పు చెప్పెదను. ఆ యేడు మా చేనిని మేము సాగు చేయలేదు. కౌలుకిచ్చియుంటిమి. కౌలుదారు ఆ చేనికై పంట అప్పు నడుగబోగా, ఆ సర్వే నెంబరుపై అప్పు ఇదివఱకే ఇచ్చియున్నారని త్రిప్పి పంపిరి. అతడు నాతో ఫిర్యాదు చేయలేదు. గట్టుమీద నిలిచి, “మీ నాన్నగారి పేరు మీద ముందే ఇచ్చేశారంటండీ” అని మాత్రమే అనెను. అటుపిమ్మట ఎరువుల కొట్టులో అరువు పెట్టి, బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సాగు చేసెను.

ఐదవ భాగములోని ఎనుబదివేల సాగునే తీసికొని లెక్కవేయుడు. కార్డుపై నాలుగు చొప్పున వడ్డీ రూ. 1,050. నెలకు నూటికి రెండు చొప్పున అదే సొమ్ముపై, అవే నెలలకు వడ్డీ రూ. 6,300. తేడా రూ. 5,250. భూమిగల మనము రెండువేల ఐదువందలు వచ్చునను ఆశతో అప్పును డిపాజిట్టులో బంధించినచో, మన చేను దున్నువాడు ఐదువేల రెండువందల ఏబది పోగొట్టుకొనును. మనకు వచ్చునది అతనికి పోవుదానిలో సగముకూడ కాదు. మిగిలినది వడ్డీవ్యాపారికి. వడ్డీ తగ్గింపునకై ప్రభుత్వమిచ్చిన సొమ్మో, ఏ గింజకును నీరు పోయలేదు.

డెల్టాలో కౌలు సాగు మెండుగా నున్నది. కావున ఈ లెక్క మనకు వర్తించినంత మఱి యెచ్చటను వర్తింపదు. దీనికి దారి చట్టముననే కలదు. 2011లో కౌలుదారులకు ఋణార్హత కార్డుల చట్టము వచ్చినది. 2019లో దాని స్థానమున పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. దీనిక్రింద భూయజమాని సంతకముతో సాగుదారునకు పదునొకండు నెలల పత్రమిత్తురు. ఆ పత్రము పంటకు సంబంధించినది మాత్రమే. భూమిపై యజమాని హక్కును అది తాకదు. చాలమంది యజమానులు భూమి పోవునేమోయని జంకి సంతకము పెట్టుట లేదు. చట్టమును చదివించుకొని వినుడు. ఆ జంకు తీఱును. వ్యవసాయపు అప్పులలో 2 లక్షల వఱకు తాకట్టు అడుగరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి నియమించినది. ఇదియు కౌలుదారునకు ఉపకరించును.

మా నాన్నగారు ఆ కొత్త చట్టము వచ్చిన పిమ్మట కౌలుదారు పత్రముపై సంతకము చేసిరి. మేము మా పేర అప్పు తీయుట మానితిమి. ఆ చేనికి అప్పు నేడు దానిని దున్నువాని పేరనే నడచుచున్నది.

8. చేపల చెఱువులవారికి

చేపలు, రొయ్యలు పెంచువారికిని, పాడి గలవారికిని కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుండి వర్తించుచున్నది. వీరికి వడ్డీ తగ్గింపు 2 లక్షల వఱకు కలదు. శీలావతి, బొచ్చె పెంచువానికి ఖర్చు ఒక్కనాటిది కాదు. పిల్ల వేయునాడు కొంత, తవుడునకు చెక్కకు దినదినము కొంత. కావున ఓవర్‌డ్రాఫ్టు ఇతనికి వరిరైతునకంటె గూడ బాగుగా అమరును. మబ్బుపట్టిన రాత్రి నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవాఱుసరికి చేప పైకి తేలి నోరు తెఱచుట మీరు చూచినదే. ఆ పూట ఏరేటరునకో, కొత్త నీటికో చేతిలో సొమ్ము కావలెను. హద్దులో వాడక మిగిల్చినది ఆనాడు పనికివచ్చును. అంతయు తీసి ఏడాదికి డిపాజిట్టు వేసినవాని చేతిలో కాగితమే యుండును.

మఱొక హెచ్చరిక. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఆ హద్దులో వెలసిన చెఱువుల గట్లను 2005-06లో ప్రభుత్వము తెగగొట్టించినది. హద్దులోపలి చెఱువునకు ఏ అప్పు తెచ్చినను అది నీటిమీది వ్రాతయే.

9. డిపాజిట్టు ఎక్కడ వేయవలెను?

సంఘపు పత్రికలో ఈ మాట దాచుట తగదు. బ్యాంకులలో, సహకార బ్యాంకులలో సహా, ఒక్కొక్కరి డిపాజిట్టునకు ఒక్కొక్క బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వఱకు బీమా కలదు. 2020 ఫిబ్రవరి 4 నుండి ఇది లక్ష నుండి ఐదు లక్షలైనది. గ్రామములలోని ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో వేసిన డిపాజిట్లకు ఈ బీమా లేదు. సంఘమున డిపాజిట్టు వేయవద్దని నేననను. ఆడిటు అయిన లెక్కలను చూపుమని సర్వసభ్య సమావేశమున అడుగుట ప్రతి సభ్యుని హక్కు, బాధ్యత యని చెప్పుచున్నాను. అడుగువాడు సంఘమునకు శత్రువు కాడు.

10. సంఘములు పుట్టిన ఉద్దేశము

మద్రాసు ప్రభుత్వముచే నియమింపబడిన ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపాలోని రైతు పరపతి సంఘములను పరిశీలించి 1895లోను, 1897లోను నివేదికలిచ్చెను. జర్మనీలో రైఫైజెన్ నెలకొల్పిన గ్రామసంఘముల రీతి మన పల్లెలకు తగినదని ఆయన సారాంశము. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ రీతికి రెండు కాళ్లు: పొదుపు చేయువాని సొమ్ము, సాగు చేయువాని అవసరము. ఒకని మిగులు ఇంకొకని విత్తనమగుట. అప్పే పొదుపు వేషము వేసికొన్నచో కాళ్లు రెండును ఒకవైపే మడతపడును.

సారాంశము

నాలుగు వడ్డీ అప్పు ధర కాదు. గడువు పాటించుటకు బహుమానము. అప్పును డిపాజిట్టు వేయుటలో కాగితము చూపు లాభము చిన్నది; ఒక్కదినము తప్పినచో అది నష్టము. విడతలుగా తీసి, సొమ్ము రాగానే జమకట్టుటలో లాభము నిశ్చయము. సొంత డిపాజిట్టును నిలిపి, పంటకు పంట అప్పు వాడుట మేలు. బయటి హెచ్చు వడ్డీ బాకీని అన్నింటికంటె ముందు తీర్చుట మేలు. చేను దున్నువానికే చేని అప్పు చెందవలెను.

సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. మీ కార్డు ఖాతా గడువు తేదీ యేది? అది ఇంటి గోడమీది క్యాలెండరులో వ్రాసియున్నదా?
2. కడచిన సార్వాలో మీరు తీసిన సొమ్ము ఎన్ని దినములు వాడక యుండెను? దానిపై పడిన వడ్డీ యెంత?
3. మన సంఘ గ్రామములలో కౌలుకిచ్చిన చేలపై అప్పు ఎవరి పేర నున్నది? సాగుదారుల పత్రములపై సంతకము పెట్టుటకు ఎందఱు సిద్ధముగా నున్నారు?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పుటకు పలక అక్కఱలేదు, కలము చాలును.